మోకాలి సాక్ష్యం

స్వస్థత కలగకముందే కలిగిందని సాక్ష్యం చెబితే అది విశ్వాసమా, అబద్ధమా? సువార్తమ్మను ఏళ్లుగా తొలుస్తున్న సందేహం అది. ఇవాళ యాక్సిడెంట్ కేసులో ఇన్సూరెన్స్ వకీలు గిరిధర్ అదే ప్రశ్నతో ఆమెను బోనులో నిలదీస్తున్నాడు.

అతని ల్యాప్‌టాప్‌లో, యాక్సిడెంట్ తర్వాత తీసిన నాచారం చర్చి వీడియో నడుస్తోంది. అందులో సువార్తమ్మ చేతులెత్తి అంటోంది: “నా మోకాలి నొప్పి ప్రభువు తీసేసిండు! మొత్తం పోయింది!”

“ఈ గొంతు మీదే కదా?”

“నాదే సార్.”

“దవాఖానా ఖర్చులు వేరే అడిగారు. పైగా నొప్పికీ బాధకూ విడిగా పరిహారమట! పోయిన నొప్పికి డబ్బెందుకమ్మా?”

“మేం ముందుగాల స్తోత్రం చెప్తం సార్. మేలు ఎన్కకొస్తది.”

“బాగుంది! దేవుడి దగ్గర నొప్పి లేదు, మా కంపెనీ దగ్గర ఉంది. అబద్ధం ఎక్కడాడారు? అక్కడా, ఇక్కడా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. సువార్తమ్మ మొహం జేవురించింది.

“నన్నేమన్న అనున్రి. ఆయన్ని నడుమల తేకున్రి.”

“అయితే మోకరించండి. ఆయన బాగుచేసిన మోకాలే కదా! ఉప్పల్ రింగురోడ్డు దగ్గర ట్రాలీ ఆటో తగిలినప్పుడు కూడా మీరే లేచి నడిచిపోయారట. గుద్దిన డ్రైవర్ మహిపాలే చెప్పాడు.”

వెనక బెంచీ మీద మహిపాల్ తల దించుకున్నాడు.

“అక్కర్లేదమ్మా,” అని జడ్జి వారించేలోపే ఆమె బోను అంచు పట్టుకుని మోకరించేసింది.

“అయ్యో, యేసయ్యా!”

ఆ కేకకు గుమాస్తా రాస్తున్న పెన్ను ఆగిపోయింది.

“చూశారా, మోకరించారు. ఇక లేవండి,” అన్నాడు గిరిధర్.

ఆమె ప్రయత్నించింది. మోకాలి మడత విడలేదు.

“లేవనీకొస్తలేదు సార్.”

“నాటకాలు! ఎవరూ పట్టుకోకండి. ఆమే లేస్తుంది.”

ఎవరూ కదల్లేదు. అంతలో బెంచీలు తోసుకుంటూ ఒకడు వచ్చి, ఆమె చంకల కింద చేతులు వేసి మెల్లగా లేపాడు. మహిపాల్.

“నువ్వెందుకొచ్చావు? పోయి కూర్చో!” గిరిధర్ అరిచాడు.

మహిపాల్ ఆమెను వదల్లేదు.

“ఆ దినం గూడ పెద్దమ్మ లేవలే సార్. గిదే కేక ఇనుకుంట, నేనే బండి ఉరికిచ్చిన.”