ఏడో పడవ

“ఇదీ వద్దు,” అన్నాడు పెద్దాయన, కొయ్యసుత్తి జేబులో దోపుకుంటూ.

ఎదురుగా ఆయన కూతురు కింది పెదవి కొరుక్కుంటూ నిలబడింది. బ్రోకరు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

“ఆరోది పెద్దాయనా! వంకలు పెట్టడంలో మీ తర్వాతే ఎవరైనా. అద్దంలా మెరుస్తోంది, ఇంకేం కావాలి?”

“మెరుపు పైపైనే. చుక్కాని పక్కన చిల్లు పెట్టి చూడండి.”

యార్డు వడ్రంగి చిల్లు పెట్టాడు. గోధుమరంగు నీళ్లు బొటబొటా కారాయి.

రేవులో ఆయన్ని అందరూ సుత్తి అంటారు. వాగి జనాన్ని చంపే రకమని కాదు. రోజుకు పది మాటలు మాట్లాడితే గొప్ప, ఈమధ్య అవీ తగ్గాయి. పాత పడవ కొనేవాళ్లు ముందు ఆయన్నే పిలుస్తారు. పడవ ఒళ్లంతా జానెడుకొక దెబ్బ వేసుకుంటూ పోతాడు. గట్టి చోట కంగుమంటుంది. లోపల చెమ్మ చేరి పొరలు విడిపోయిన చోట మొద్దుగా పలుకుతుంది. నలభై ఏళ్లలో ఆయన బాగుందన్న పడవ ఒక్కటీ మునగలేదు.

ఇప్పుడు కొనేది సొంత కూతురు. తెరచాపలు కుట్టి పైసా పైసా కూడబెట్టింది. ఒంటరిగా మహాసముద్రం దాటాలని పదేళ్లుగా ఒకటే పట్టు. తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు: ఆయన బాగుందన్న పడవే ఎక్కాలి. ఆమె ఒట్టు వేసింది. మూడు వారాల్లో గాలి మళ్లుతుంది. ఆలోపు బయల్దేరకపోతే ఈ ఏడాదికి ఇంతే సంగతులు.

ఇంటికి వెళ్లే దారిలో ఆమె వెనక నుంచి అంది. “నన్ను పంపడం ఇష్టం లేకపోతే ఆ ముక్క చెప్పు నాన్నా. నెపం పడవల మీదికి నెట్టకు.”

ఆయన వెనక్కి తిరక్కుండా నడుస్తూనే ఉన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. గబగబా ముందుకెళ్లి అడ్డంగా నిలబడింది.

“నాకూ మొద్దుగానే వినబడింది, కాదనను. పాత పడవన్నాక ఎక్కడో ఒకచోట చెమ్మ ఉండదా? బాగు చేసుకోలేనా?”

“నడిసముద్రంలో ఎవరిని పిలుస్తావు? వడ్రంగినా?”

ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. పదేళ్ల పిల్లప్పటి నుంచి ఆయన వెంట పడవల కింద దూరిన మనిషి మరి.

యార్డులో మాత్రం వేరే మాట నడుస్తోంది. “అంతా నాటకం,” అన్నాడు వడ్రంగి. “తట్టేది పడవని, చూసేది పిల్ల మొహాన్ని. వదల్లేక చస్తున్నాడు, పాపం.”

ఏడో పడవ చూపించడానికి బ్రోకరుకే సిగ్గేసింది. పొట్టిది, రంగు వెలిసిపోయింది, రెయిలింగు ఒకవైపు వంగింది. “ఏదో, చూశామనిపించుకోవడానికి,” అన్నాడు.

“అమ్మాయ్, అటు వెళ్లు. నాకు ఎదురుగా, వెలుతురులో నిలబడు.”

“మళ్లీ మొదలు! నేనేమన్నా పెళ్లిచూపులకొచ్చానా?”

“నిలబడు. బ్రోకరు గారూ, తట్టేటప్పుడు మాట్లాడొద్దు.”

“ఊపిరి కూడా తియ్యను పెద్దాయనా.”

పెద్దాయన పడవ ముక్కు దగ్గర మొదలుపెట్టాడు. ఒక దెబ్బ, ఒక చూపు. మరో దెబ్బ, మరో చూపు. ఆమె తల కాస్త వంచి వింటోంది. అడుగుదూలం అతుకు దగ్గర మూడుసార్లు కొట్టాడు. చుక్కాని పక్కన అయిదుసార్లు. ఒక చుట్టు పూర్తయింది. మళ్లీ మొదటికొచ్చాడు. మూడో చుట్టుకు చొక్కా తడిసి ముద్దయింది. చూడ్డానికి నలుగురూ చేరారు.

సుత్తి దించాడు. “బాగుంది.”

ఆమె నమ్మలేదు. “నిజంగానా? నా మీద జాలితో కాదు కదా?”

“జాలితో పడవ తేలదు. కొనుక్కో.”

ఆమె ఒక్క ఉదుటున వచ్చి ఆయన్ని వాటేసుకుని భోరుమంది. బ్రోకరు కూడా కళ్లు తుడుచుకున్నాడు, కమిషన్ ఖాయమైందని కావచ్చు. పెద్దాయన కొయ్యసుత్తి ఆమె చేతిలో పెట్టాడు.

“రేవు దొరికినప్పుడల్లా తట్టి చూసుకో.”

“మరి నీకు?”

“ఇంక చాల్లే. చెయ్యి పట్టేస్తోంది.”

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే భార్య వచ్చి భుజం తట్టింది. ఆయన తనవైపు తిరిగాక అడిగింది.

“బాగుందన్నారటగా. దాని ప్రాణమండీ! ఏ ధైర్యంతో అన్నారు?”

“మూడు చుట్లు తిరిగాను. చెడ్డ చోట దెబ్బ పడితే అది పెదవి కొరుక్కుంటుంది, చిన్నప్పటి నుంచీ అంతే. ఆరు పడవల దగ్గరా కొరుక్కుంది. ఇవాళ ఒక్కసారీ కొరుక్కోలేదు.”

“పోనీ, సంగతి దానికి చెప్పారా?”

“చెబితే ప్రయాణం మానేసి నా పక్కన కూర్చుంటుంది. వెళ్లనీ.”

ఆయన చెవులకు సుత్తి చప్పుడు అందక అప్పటికి రెండేళ్లయింది.