వెన్నరంగు కారు

మళ్ళీ ఆ నల్లగుడ్డ!

కారు తలుపు తీయగానే నర్సమ్మకు ఒళ్ళు మండింది.

చేతులు మారిన కారే గానీ, లోపలంతా వెన్నరంగు. సీట్లూ అదే, స్టీరింగు ముందున్న డ్యాష్‌బోర్డూ అదే. ఆ రంగు చూసే మనసు పారేసుకుంది. "నన్నెప్పుడైనా ఇంత ముద్దుగా చూసుకున్నావా?" అని మొగుడు ఏడిపిస్తుంటాడు కూడా.

అలాంటి డ్యాష్‌బోర్డు మీద, ఈ చివర నుంచి ఆ చివరకు, మాసిన నల్ల దుప్పటి ముక్క!

కప్పిందెవరో తెలుసు. నెల కిందట అపార్ట్‌మెంట్‌లో కార్లు తుడవడానికి కుదిరిన పెద్దాయన.

"ఏం పెద్దాయనా, నా కారుకేమైనా చలిజ్వరమా? దుప్పటి కప్పావు!"

"ఎండ పడితే ఆ తెలుపంతా ముందద్దంలోకి ఎక్కుతుందమ్మా. ఎదురుగా మనిషున్నా కంటికి ఆనడు."

"నువ్వెప్పుడైనా కారు నడిపావా?"

"లేదమ్మా."

"మరి నాకెందుకు పాఠాలు? ఆ గుడ్డ తీసి, పాలిష్ పెట్టి రుద్దు."

"మిగతా కారంతా రుద్దుతాను తల్లీ. అదొక్కటీ నా వల్ల కాదు."

"పని ఎగ్గొట్టడానికి ఎన్ని కబుర్లో!"

నర్సమ్మ వెళ్ళి సెక్రటరీ చెవిన వేసింది. సాయంత్రానికల్లా పెద్దాయన పని ఊడింది.

పోతూ పోతూ గుడ్డ మడిచి ఆమె చేతికివ్వబోయాడు.

"నా మీద కోపం దీని మీద చూపించకమ్మా. నాలుగింటి డ్యూటీకి వెళ్ళేటప్పుడైనా పరుచుకో."

ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. ఆయన గుడ్డ చంకలో పెట్టుకుని గేటు దాటాడు.

మర్నాడు తనే కూర్చుని, డ్యాష్‌బోర్డును మొహం కనబడేదాకా రుద్దింది.

నాలుగవుతుండగా డ్యూటీకి వెళ్తూ మార్కెట్ మలుపు తిరిగేసరికి ఎండ ఎదురొచ్చింది. డ్యాష్‌బోర్డు రంగంతా లేచి, అద్దం మీద పాలు ఒలికినట్టు పరుచుకుంది. రోడ్డు లేదు. మనుషుల్లేరు.

"ఆపమ్మా! ఆపు!" ఎవరో అరిచారు.

బ్రేకు తొక్కింది. అయినా టక్కుమంది.

దిగి చూస్తే ముందు చక్రం కింద సైకిలు. పక్కన, మోకాలు చెక్కుకుపోయి, యూనిఫాంలో ఓ పిల్ల.

"ఎదురుగానే ఉన్నాగా ఆంటీ! చూడలేదా?"

ఆసుపత్రిలో రోజూ ఎందరికో కట్లు కట్టే నర్సమ్మ, ఆ చిన్న మోకాలికి మూడుసార్లు కట్టు విప్పి మళ్ళీ కట్టింది.

పిల్లను వాళ్ళమ్మకు అప్పగించి, డ్యూటీ మాటే మరిచి ఇంటికొచ్చింది. నేరుగా వాచ్‌మన్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ పెద్దాయన ఎక్కడుంటాడు?"

"నిన్ననే బస్సెక్కేశాడమ్మా. ఏ ఊరో చెప్పలేదు."

"ఎలాగైనా వెనక్కి పిలిపించు. కార్లన్నీ ఆయనే తుడవాలి."

"ఆయనొచ్చింది కార్లన్నీ తుడవడానికి కాదమ్మా. మీ కారు నెంబరు వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ పనడిగాడట. వెళ్ళేముందు నాతో అన్నాడు."

"నా కారు కోసమా? నాతో ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"చెబితే మీరు భయపడి అమ్మేస్తారట. కొన్నవాళ్ళని మళ్ళీ ఎక్కడని వెతుక్కోను అన్నాడు."

"అసలు ఎవరాయన?"

వాచ్‌మన్ తల దించుకున్నాడు.

"మీకన్నా ముందు ఈ కారు నడిపినాయనకి కూడా, ఓ సాయంత్రం, ఎదురుగా ఉన్న పిల్ల కనబడలేదమ్మా, ఆ పోయిన పిల్ల ఈయన మనవరాలు."