షట్టరు దిగాక

షట్టరు మోకాలి ఎత్తుకు దిగాక ఎర్రచారల ప్యాంటు వేసుకున్న ఒక మనిషి టోపీ చేత్తో పట్టుకుని, దాని కిందనుంచి లోపలికి దూరాడు.

కొట్టు నడిపే డోన్యా చోనా మిగతాది లాగి తాళం వేసింది. అతన్ని చూసింది తాళం వేశాకే.

"ఎవరయ్యా నువ్వు?"

"తిండి..." అన్నాడతను. "ఇక్కడ చవకన్నారు. బస్సుల దగ్గర."

చవక మాట నిజమే. గ్వాటెమాలా నగరమంతా గాలించినా ఇంత చవక సారా కొట్టు దొరకదు. గ్లాసు కొంటే గిన్నెడు మాంసం పులుసు, రెండు మొక్కజొన్న రొట్టెలు ఊరికే పెడుతుంది చోనా. పులుసు కోసమే తాగుడు మొదలెట్టామని చెప్పుకునే ఘనులు కూడా ఉన్నారక్కడ.

కానీ ఆ రోజు శనివారం. తెల్లారితే ఎన్నికలు. మధ్యాహ్నం నుంచి మందు అమ్మడం నేరం.

అందుకే చోనా తన పాత గిరాకీలను లోపలే ఉంచుకుని షట్టరు దించేసింది. దించాక లోపల ఒకటే కట్టుబాటు. ఉన్న ప్రతివాడూ తాగాలి. తాగినవాడు వెళ్లి పోలీసులకు చెప్పలేడు కదా!

కొత్త మనిషి పులుసు తాగాడు. రొట్టెలు తిన్నాడు. గ్లాసు మాత్రం పక్కకు జరిపాడు.

మూలబల్ల దగ్గర కూర్చున్న ఎర్మెలిందో అది చూసి లేచి నిలబడ్డాడు.

అతను వెంటనే బయటపడాలి. మూడింటికి పెద్దాసుపత్రిలో అతని భార్య కాండెలారియాకు ఆపరేషన్. ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది, రక్తమిచ్చే మనిషి లేక. రోగి తరఫున ఎవరో ఒకరు రక్తమిస్తే తప్ప అక్కడ బల్ల ఎక్కించరు. ఎర్మెలిందో చెయ్యి చాపితే, "నీది రక్తమా, సారానా?" అని నర్సు వెనక్కి పంపింది. ఈసారి ఎవరో ఒప్పుకున్నారట. ఎవరని కూడా అతను అడగలేదు.

"లోపలికి తీసుకెళ్లే ముందు ఒక్కసారి కనిపించు, చాలు" అంది పొద్దున కాండెలారియా.

భయం పోగొట్టుకోడానికి ఒక్క గ్లాసని వచ్చి, షట్టరు దిగేసరికి లోపల ఇరుక్కున్నాడు.

"డోన్యా, వెనక తలుపు తియ్యి. నేను పోవాలి."

"ఆ ఎర్రచారల ప్యాంటు గ్లాసు ముట్టందే తియ్యను" అంది చోనా. "నీతోపాటు వాడూ జారుకుని, వీధి చివర జీపులో వాళ్ల చెవిన వేస్తే? నా కొట్టుకు సీలు, నాకు జైలు."

చెంతే అనే చెప్పులు కుట్టేవాడు కొత్త మనిషి బల్ల మీదికి వంగాడు. "ఏం స్వామీ, మా సారా నీ నోటికి తగదా?"

"ఇవాళ వద్దు."

"ఎందుకూ?"

అతను మాటలు వెతుక్కున్నాడు. కొండల మీద వాళ్ల భాష వేరు. స్పానిష్ ముక్కలు ముక్కలుగా తప్ప రాదు.

"ఒకావిడకి... మాట."

కొట్టంతా ఘొల్లుమంది.

"ఓరి నీ సరసం! వాసనొస్తే ముద్దియ్యదేమో!"

అతనూ వాళ్లతోపాటు నవ్వాడు, పాపం. "ముందు వెళ్తా. తర్వాత తాగుతా."

"విన్నారా? ముందు వెళ్లి పోలీసులకు చెప్తాడట, తర్వాత తాగుతాడట!"

ఎర్మెలిందోకు ఓపిక నశించింది. వెళ్లి అతని ఎదురుగా కూర్చున్నాడు. ఆసుపత్రి సంగతి నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్లాన్ని ఆపరేషన్‌కి వదిలేసి సారా కొట్టులో కూర్చున్నానని నలుగురిలో ఏ మొహంతో చెప్తాడు? మింగేశాడు.

"చూడన్నా, ఇంట్లో నా ఆవిడ ఎదురుచూస్తోంది. నువ్వు తాగందే ఈమె తలుపు తియ్యదు. నాకూ తియ్యదు, నీకూ తియ్యదు."

"నాకూ?"

"పొద్దుగూకినా సరే."

అతను తలుపు వంక చూశాడు. గ్లాసు వంక చూశాడు. బోనులో పడ్డ ప్రాణిలా అటూ ఇటూ చూసి నెమ్మదిగా అడిగాడు.

"నోరు కడిగితే... పోతుందా వాసన?"

"పోతుంది. నీళ్లు పోసుకుని పుక్కిలిస్తే ఎవరికీ తెలీదు" అన్నాడు ఎర్మెలిందో, తడుముకోకుండా.

అతను కళ్లు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఉక్కిరిబిక్కిరై దగ్గాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చోనా తలుపు తీసింది.

ఎర్మెలిందో వెనక్కి చూడకుండా పరుగెత్తాడు.

సమయానికే చేరాడు. కాండెలారియా వసారాలో బండి మీద పడుకుని ఉంది. అతని ఊపిరి తగలగానే మొహం పక్కకు తిప్పుకుంది. చెయ్యి మాత్రం వదల్లేదు.

"రక్తమిచ్చేది ఎవరో తెలుసా?" అంది కాసేపటికి. "మనకేమీ కాడు. చర్చి రేడియోలో నా పేరు విని వస్తానన్నాడట. ముక్కూ మొహం తెలీని మనిషి!"

మూడు దాటింది. అప్పుడొచ్చింది నర్సు. వస్తూనే బండిని వార్డు వైపు తిప్పింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఎర్మెలిందో. "అతను రాలేదా?"

"రాకేం, వచ్చాడు. రాత్రంతా బస్సుల్లో పడి కొండల మీంచి వచ్చాడు. ఏం లాభం? దగ్గరికి రాగానే గుప్పున సారా. తాగినవాడి రక్తం మేం తీసుకోం. డాక్టరుగారు వెళ్లిపోయారు. మళ్లీ ఎప్పటికో ఏమో."

"ఏడీ?" అంది కాండెలారియా. "తాగితే తాగాడు, అంత దూరం నుంచి నా కోసం వచ్చాడు. ఒక్కసారి చూస్తాను."

"పొమ్మన్నా పోవట్లేదు. అదిగో" అని నర్సు కిటికీలోంచి చూపించింది.

కింద గేటు పక్కన కొళాయి దగ్గర, ఎర్రచారల ప్యాంటు మనిషి వంగి, దోసిళ్లతో నీళ్లు పట్టి, ఇంకా పుక్కిలిస్తూనే ఉన్నాడు.