నంజమ్మ వెనక్కి తీసుకున్న శాపం

గేటు తీసుకుని లోపలికి వస్తున్న నంజమ్మను చూడగానే జయప్రకాశ్ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రెండేళ్ళ క్రితం, హోసూరులో ఇదే ఇంటి ముందు, వీధంతా చూస్తుండగా ఆమె గుప్పెళ్ళతో మన్ను ఎత్తిపోసింది. “నా మొగుని కండ్లు తీసినావు. నీ కండ్లు గూడా అట్లే పోవాల” అని శపించింది.

ఊరికే శపించలేదు. కెలవరపల్లిలో సేద్యం చేసుకునే ఆమె భర్త రాజప్పకు షుగరు వల్ల చూపు మందగిస్తే, క్రిష్ణగిరి డాక్టరు వెంటనే లేజరు చేయించుకోమన్నాడు. జయప్రకాశ్ పనిగట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు. లేజరు కంటిని కాల్చేస్తుందని బెదరగొట్టి, తాను అమ్మే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు అంటగట్టాడు. ఏడాది తిరక్కుండా రాజప్ప చూపు పోయింది.

ఇప్పుడు నంజమ్మ చేతిలో ఇత్తడి చెంబు ఉంది. గాజులు గలగలలాడించుకుంటూ ఆమె ముందు నడుస్తుంటే, రాజప్ప చేతికర్ర లేకుండా వెనకాలే వస్తున్నాడు.

“మళ్ళా ఏం గలాటా చేసేకి వచ్చినారు?” అన్నాడు జయప్రకాశ్.

“గలాటా కాదప్పా. ఆ పొద్దు నోరు జారినాను. పోసిన మన్ను కడిగి పోదామని పసుపునీళ్ళు తెచ్చినాను” అంది నంజమ్మ. భర్త వైపు తిరిగి, “నువ్వు ఈ కుడిపక్క తిన్నె మీద కూచో. ఆ పక్క తడుపుతాను” అంది.

రాజప్ప తిన్నె మీద సర్దుకుని కూర్చున్నాడు. “చానా చిక్కిపోయినావే జయప్రకాశప్పా.”

జయప్రకాశ్ బిత్తరపోయాడు. “నీకు కనబడతా ఉండాదా?”

“నీ మాత్రలేనప్పా. ఈమె నిన్ను ఎంత తిట్టినా నేను మాత్రం వాటిని విడవలేదు. రెండు పూటలా మింగినాను. ఉగాదికి వెలుతురు తెలిసె. ఇప్పుడు ముఖాలు తెలుస్తా ఉండాయి.”

జయప్రకాశ్ అతడి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “నా చొక్కా రంగు చెప్పు చూద్దాం.”

“కొంచెం జరగప్పా, పసుపునీళ్ళు మీద పడతాయి” అంది నంజమ్మ, గడప ముందు చల్లుతూ.

“పసుప్పచ్చది” అన్నాడు రాజప్ప. “కొత్తదా?”

కొత్తదే. నిన్న తొడిగి అద్దంలో చూసుకుని మురిసిపోయిన చొక్కా.

ఇంట్లో గిన్నెలు తోమే కెంపమ్మ కాఫీ తెచ్చింది. ఆమెదీ కెలవరపల్లే. రాజప్ప గ్లాసును నంజమ్మే అందుకుని, ఊది, అతడి చేతిలో పెట్టింది.

“మొగునికి చూపొచ్చినా నీ సేవ తగ్గలేదే అక్కా” అంది కెంపమ్మ.

“అలవాటైపోయె కదా, యాడికి పోతుంది” అని నవ్వింది నంజమ్మ.

జయప్రకాశ్ మాత్రం తన కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాడు. అతడికీ షుగరే. కొన్నాళ్ళుగా ఎడమ కంట్లో నల్లటి పోగులు తేలుతున్నాయి. ఇంట్లో తిరిగే కెంపమ్మకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియకుండా బెంగళూరు వెళ్ళి చూపించుకున్నాడు. రేపే లేజరు, ఆలస్యం చేస్తే కన్ను దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ మిషను ముందు కూర్చోవడం తలుచుకుంటేనే అతడికి చెమటలు పోస్తున్నాయి. జనానికి అంటగట్టిన మాత్రను మాత్రం అతడు ఒక్కటైనా నోట్లో వేసుకోలేదు. వాటితో ఏమీ కాదని అతడికి తెలుసు. ఈ పూట దాకా అలాగే అనుకున్నాడు.

“మరి లేజరు చేయించుకోలేదా?” అని మెల్లగా అడిగాడు.

“యాడిది? చేయించుకునుంటే ఉన్నదీ పోయుండును. నువ్వు చెప్పిందే నిజమాయె” అన్నాడు రాజప్ప.

నంజమ్మ చెంబు బోర్లించి గడపకు దండం పెట్టింది. “ఆ పొద్దు అన్న మాట వెనక్కి తీసుకుంటా ఉండానప్పా. నీ కండ్లు చల్లగా ఉండనీ.”

ఆ మాటతో జయప్రకాశ్ ప్రాణం లేచొచ్చింది. వాళ్ళను గేటు దాకా సాగనంపి, లోపలికి వెళ్ళి ఆసుపత్రికి ఫోన్ చేశాడు. లేజరు వద్దన్నాడు. బీరువాలోంచి డబ్బా తీసి ఒకటికి రెండు మాత్రలు అరచేతిలో వేసుకుని నీళ్ళు అడిగితే, కెంపమ్మ పరుగున తెచ్చి ఇచ్చింది.

వీధి మలుపు తిరిగాక, నంజమ్మ గుడ్డి మొగుడి చెయ్యి పట్టుకుంది.