డాక్టర్ ఫోటోని గోకిన వేలు

"అమ్మగారికి ఎలా ఉంది?" మీటింగు రూములో కూర్చుంటూ అడిగారు నరసింహమూర్తి. మియాపూర్‌లో ఆయనకి పెద్ద ఆసుపత్రి ఉంది. దాని వెబ్‌సైటు చేసింది ఈ ఆఫీసే.

"నయమేనండి. మొన్న నెట్‌వర్క్ చచ్చి అపాయింట్‌మెంట్ దొరకలేదు. మర్నాడు పొద్దున్నే మీ ఆసుపత్రికి తీసుకొచ్చి లైన్లో నిలబెట్టా," అన్నాడు మధుసూదన్.

ఆ వెబ్‌సైటు డిజైన్ అతనిదే. దాని బదులు పెట్టడానికి అతని టీంలోని శిరీష కొత్తది చేసింది. నల్లటి పెద్ద అక్షరాలు. పేజీకి ఒకే బటన్. నొక్కితే ఏమవుతుందో దాని మీదే రాసి ఉంటుంది.

పోయిన వారం అందరి ముందూ అతను నవ్వాడు. "ఇది వెబ్‌సైటా, బస్టాండ్ బోర్డా? మీ ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరని లోకమంతా అంతే అనుకున్నావా? సార్ నాదే ఉంచమంటే నువ్వు నా టీంలో ఉండక్కర్లేదు."

శిరీష తల దించుకుంది. ఆ మాట మాత్రం మనసులో దాచుకుంది.

ఇవాళ అది తిరిగిచ్చే రోజు.

లైట్లు ఆర్పింది. "పాత సైటు వాడిన ఒకరి రికార్డింగ్ సార్. టైపు చేసింది చుక్కలుగా కనిపిస్తుంది. వేలు పెట్టిన చోట ఎర్రగా మెరుస్తుంది."

వందల రికార్డింగుల్లోంచి, ఏ ఫోనుదో చూసి, ఈ ఒక్కటే ఏరి తెచ్చింది.

తెర మీద ఎర్ర చుక్క అటూ ఇటూ తిరిగింది. డాక్టర్ ఫోటో మీద ఆగింది. నొక్కింది. మళ్ళీ నొక్కింది.

"ఫోటోని గోకుతున్నాడు చూడండి! బటన్ అనుకున్నాడు మొద్దు!" పగలబడి నవ్వాడు మధుసూదన్.

"అన్నా, ముందుకు పోయే బటన్ ఏడుందన్నా? నాకు గూడ కనిపిస్తలేదు," అన్నాడు పక్కనున్న టీం కుర్రాడు నితీష్.

"ఆ మూల బాణం గుర్తురా. లేత బూడిద రంగు. క్లాస్‌గా లేదూ?"

తెర మీద తేదీ దగ్గర ఏదో తప్పు పడింది. అప్పటిదాకా నింపినదంతా చెరిగిపోయింది.

"తప్పెక్కడో సైటు చెప్పలేదు సార్," అంది శిరీష.

"బుర్ర ఉన్నవాడికి చెప్పక్కర్లేదు."

ఎర్ర చుక్క మొదటి నుంచీ మొదలెట్టింది. మళ్ళీ చెరిగింది. విసుగొచ్చినట్టు ఫోటోని టపటపా కొట్టి మాయమైంది.

"సరిగా కనిపించిందా సార్? ఇంకోసారి వేయనా?" మెత్తగా అడిగింది.

"వెయ్యి వెయ్యి, సినిమాకంటే బాగుంది!"

వేసింది. మధుసూదన్ ఇంకా గట్టిగా నవ్వాడు. నరసింహమూర్తి నవ్వలేదు.

"ఇలాంటి బడుద్ధాయిల కోసం సైటు మార్చాలా, మీరే చెప్పండి సార్," అన్నాడు మధుసూదన్ కళ్ళు తుడుచుకుంటూ. "శిరీషా, ఆ మహానుభావుణ్ణి ఒకసారి పట్టుకురా. మొహం చూసి తరిస్తాం."

శిరీష లేచి లైట్లు వేసింది.

"పట్టుకురానక్కర్లేదు మధుసూదన్ గారూ," అంది, "మొన్న మీ అమ్మగారి అపాయింట్‌మెంట్ కోసం కంగారులో ఆ ఫోటోని గోకింది మీరే."