మూడో ఆకు

"తప్పు," అన్నాడు వస్ఫీ. "ఇంకో ఆకు ఉంది. మళ్ళీ పీల్చు."

తహ్సీన్ పైపును మళ్ళీ నోట పెట్టుకున్నాడు. గట్టిగా పీలిస్తే ఆ పొగాకు అలిగి నాలుకను కొరుకుతుంది. అందుకే పసిపిల్లను జోకొట్టినంత మెల్లగా పీల్చాడు. పొగను నాలుక మీద కాసేపు ఉంచి, కొంచెం ముక్కులోంచి వదిలాడు. ముందు ఎండుగడ్డి వాసన. దాని వెనకే ఎండు ద్రాక్ష పులుపు. అంతా అయిపోయిందనుకున్నాక, గొంతు చివర సన్నటి తేనె.

"బాఫ్రా కొండవాలు ఆకు రెండు పాళ్ళు, ఏటి ఒడ్డు ఆకు ఒక పాలు," అన్నాడు. "అంతే ఉస్తా. మూడో రకం లేదు."

"ఇజ్మీర్ ఆకు ఉంది."

"లేదు."

"కలిపింది నేనా, నువ్వా?"

"కలిపింది మీరే. పీలుస్తున్నది నేను."

పక్కన కూర్చున్న జెకియే తల పట్టుకుంది. ఆమె తహ్సీన్‌కి మేనత్త. వస్ఫీ చెల్లెలు ముర్వెత్‌ని మేనల్లుడికి అడగడానికి, ఉన్న ఒక్క పట్టు తలగుడ్డా కట్టుకుని వచ్చింది. పిల్లను అడిగే ఆనవాయితీ ప్రకారం దేవుడి ఆజ్ఞ, ప్రవక్త మాట అని మొదలుపెట్టగానే వస్ఫీ చెయ్యెత్తి ఆపేశాడు. పొగాకు రుచి తెలియనివాడికి చెల్లెల్ని ఇవ్వనన్నాడు. ముర్వెత్‌కి నలభై దాటాయి. ఆమె మాట మాత్రం ఎవరూ అడగలేదు.

జెకియే మేనల్లుడి డొక్కలో పొడిచింది. "మూడోది ఉందని అనెయ్యరా. నీ సొమ్మేం పోయింది?"

"లేనిది ఉందని ఎలా అంటానత్తా?"

"మొగుడివయ్యాక రోజుకి పదిసార్లు అనాలి. ఇప్పట్నుంచే అలవాటు చేసుకో."

వస్ఫీ తన పైపు వెలిగించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఆహా! ఇదిగో తగిలింది ఇజ్మీర్ తీపి. పెళ్ళికూతురు గడప దాటినట్టు వచ్చింది. ఇది కూడా తెలియని నాలుకను నోట్లో ఎందుకయ్యా మోస్తున్నావు?"

నల్లసముద్రం ఒడ్డున ఉన్న ఈ బాఫ్రాలో, పొగాకు పనిలో గురువని అందరూ ఉస్తా అని పిలిచే వస్ఫీ మాటకు ఎదురు లేదు. కోతలయ్యాక ఇస్తాంబుల్ నుంచి వచ్చే వర్తకులు అతను ఔనంటే కొంటారు, పెదవి విరిస్తే లేచిపోతారు. అలాంటివాడితో వాదం పెట్టుకుంటే పని చెడుతుందని తహ్సీన్‌కి తెలుసు. ముర్వెత్ లేకుండా ఇంకో చలికాలం తన వల్ల కాదనీ తెలుసు. కానీ నాలుక మీద లేని ఆకును ఎక్కణ్ణుంచి తెస్తాడు?

"ఆఖరిసారి అడుగుతున్నాను. ఎన్ని ఆకులు?"

"రెండు."

"అయితే పిల్లను ఇవ్వను. కాఫీ తాగి వెళ్ళండి."

అప్పుడే ముర్వెత్ పళ్ళెంలో కాఫీ కప్పులు పట్టుకుని వచ్చింది. ఎవరి కప్పు వాళ్ళకి ఇంకా అందించనేలేదు, వంటింట్లోంచి పాలు మాడిన కమురు గుప్పుమంది. పళ్ళేన్ని అన్న ముందు పెట్టేసి వెనక్కి పరుగెత్తింది.

"దీనికెప్పుడూ పరుగే," అని విసుక్కుంటూ వస్ఫీ తన చేతికందిన కప్పు తీసుకున్నాడు. మిగిలిన రెండూ వాళ్ళ వైపు తోశాడు.

తహ్సీన్‌కి ఇంకో ఆశ మిగిలింది. సంబంధం ఇష్టమైన ఆడది మగాడి కాఫీలో ఉప్పు వేస్తుంది. మొహం చిట్లించకుండా తాగినవాడు ఆమెవాడు. ఉప్పు పడిందంటే చాలు, ఇక అన్న కాదన్నా జెకియే గుమ్మం వదలదు. తహ్సీన్ పళ్ళు బిగించి, ఊపిరి పీల్చుకుని ఒక గుటక వేశాడు.

తియ్యగా ఉంది.

"ఏమైందిరా?" అంది జెకియే గుసగుసగా.

"తీపి."

"అడుగున చూడు. కలవలేదేమో."

చూశాడు. "అడుగునా తీపే అత్తా."

జెకియే నిట్టూర్చి తలగుడ్డ సర్దుకుంది. వస్ఫీ ఆఖరి చుక్క దాకా తాగి, కప్పు కింద పెట్టి మీసం తుడుచుకున్నాడు.

"కాఫీ అంటే ఇదీ! చక్కెర ఇలా పడాలి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఏమయ్యా, మొహం అలా పెట్టావు? పొగాకే కాదు, కాఫీ తాగడమూ చేతకాదా?"

తహ్సీన్ టోపీ తీసుకుని లేచాడు. గుమ్మంలో ముర్వెత్ చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"ఎక్కడికి?" అంది.

"మీ జవాబు అందింది. చల్లగా ఉండండి."

"ఏం జవాబు?"

"కాఫీ తియ్యగా ఉంది కదా."

"తియ్యగానా? చెంచా నిండా ఉప్పు పోశాను! చాల్లేదని ఇంకో చెంచా వేశాను!"

ముగ్గురూ ఒకేచోటికి చూశారు. జెకియే వంగి, వస్ఫీ ముందున్న ఖాళీ కప్పు అడుగు మడ్డిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఆమె మొహం ఎనిమిది వంకర్లు పోయింది.

"యా అల్లా! నల్లసముద్రం మొత్తం ఇందులోనే ఉంది!"

బాఫ్రాకంతటికీ నాలుక అని పేరున్న వస్ఫీ ఉస్తా వీధిలోకి చూశాడు. ఎదురింటి అరుగు మీద ఆడవాళ్ళు పొగాకు దండలు గుచ్చడం ఆపి, చెవులు ఇటే పెట్టారు. అతను తహ్సీన్ వైపు తిరిగి గొంతు బాగా తగ్గించాడు.

"ముందా తలుపు వేసెయ్యి, బావా."