సుద్ద గీతల ఇల్లు

దర్జీ తన సుద్దముక్కతో డాబా నేల మీద ఇల్లు గీశాడు. దూరపు ఊళ్లో తను చూసొచ్చిన ఇల్లది, అంగుళం తేడా లేదు. ఇక్కడి ఒంటిగది అద్దెకే అక్కడ మూడు గదులు!

"చేతులు బార్లా చాపినా గోడ తగలట్లేదు నాన్నా!" కూతురు తన గదిలో గిరగిరా తిరిగింది.

"నువ్వూ లోపలికి రావే," అన్నాడు భార్యతో.

"ముక్కూ మొహం తెలియని ఊరు. నేను రానంటే రాను," అందామె బట్టలు ఆరేస్తూ.

కూతురు కేరింతలు కొడుతూ గీత దాటి వంటగదిలోకి దూకింది.

"ఏమే, గోడలోంచి దూకుతావేంటే? గుమ్మం అటుంటే!" అని అరిచింది తల్లి.

తండ్రీ కూతుళ్లు పకపకా నవ్వారు. ఆమె నాలుక కరుచుకుంది. తనకీ నవ్వాగలేదు.

"ఆ సుద్ద ఇలా ఇవ్వండి," అంది తడిచెయ్యి తుడుచుకుంటూ. "కిటికీ లేని వంటగదిలో నేను వండను."